మజిలీలు, మంచినీళ్లు

సికింద్రాబాదునకు ఈశాన్యముగా, కీసరగుట్టకు పోవు దారిలో నాగారమను ఊరు ఉన్నది. ఒకనాడది పొలముల నడుమనున్న పల్లె. నేడు నగరముతో కలిసిపోయిన బస్తీ. తెల్లవారక మునుపే ఇచ్చట ఎన్నో ఇండ్లలో దీపములు వెలుగును. ఒకరు నగరమునకు ఆ కొసనున్న కచేరీకి పోవలెను. ఒకరు వారమున కొకమారు బెంగుళూరికో పూనాకో పోయి రావలెను. ఇంకొకరు శంషాబాదు విమానాశ్రయము చేరుకొని సముద్రములు దాటవలెను. ప్రయాణమనునది మన తాతలకు జీవితములో ఒకటి రెండుమార్లు వచ్చు మహాకార్యము. మనలో చాలమందికది జీవనోపాధిలో ఒక భాగము. నడుము నొప్పి, నిద్రలేమి, బయటి తిండిచే కడుపు చెడుట మొదలగునవి నేడు ఇంటింటి ముచ్చటలు.

ఈ ముచ్చటలకును ఒక చరిత్ర కలదు. దారిలో మనిషి ఒడలు చెడకుండ ఎట్లు గడుపుకొనెడివాడు, ఏమి తినెడివాడు, ఏ నీరు త్రాగెడివాడు, ఎచ్చట ఆగెడివాడు అను సంగతులను రాజుల చరిత్రలలో వెదకిన దొరకవు. కాని మన తెలుగువారి అదృష్టవశమున ఆ సంగతులనే పూసగ్రుచ్చినట్లు వ్రాసిపెట్టిన మహానుభావు డొకడు ఉన్నాడు. ఆయన నడచిన బాట మన నాగారమునకు పడమటగా, పది కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున, బోయినపల్లి, కొంపల్లి, మేడ్చల్ మీదుగా నాగపురము వైపు పోవు పాతబాటయే. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య.

ఆయన కథకు పోవుటకు ముందు ఇంకను పాత మాట ఒకటి చెప్పవలెను. కవులలో తిరుగుడు ఎక్కువగా గలవాడు శ్రీనాథుడు. కొండవీటినుండి రాజమహేంద్రవరమునకును, కన్నడ రాజ్యమునకును తిరిగినవాడు. పలనాటి జొన్నకూటిని, అచ్చటి నీటికరవును ఆయన తిట్టిపోసినట్లు చెప్పు చాటువులు నేటికిని మన నోళ్లలో ఉన్నవి. అవి అన్నియు ఆయనవే యగునో కావో పండితులు తేల్చుకొందురు గాక. సన్నబియ్యమునకు అలవాటుపడిన కడుపు కొత్తచోట మొరాయించుట మాత్రము కవిగారి కల్పన కాదు. "ఆ ఊరి నీళ్లు నాకు పడలేదు" అని మనమిప్పటికిని అనుచునే ఉన్నాము.

ఆ కాలమునకే బాటసారికి కూడు పెట్టు ఏర్పాటులు పట్టణములలో ఉండెడివి. క్రీడాభిరామములో ఓరుగల్లున ఒక పూటకూటి ఇంటి ప్రసక్తి కలదు. అచ్చట ఒక రూక ఇచ్చినచో కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, నేయి, పెరుగు వరకు నిండు భోజనము దొరకెడిదట. రూక లేనివానికి సత్రము. సత్రము లేనిచోట పుణ్యాత్ములు. గోదావరి పాయల నడుమనున్న లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళలో వచ్చిన బాటసారికైనను కాదనక వండి పెట్టినందువలననే ఆమె పేరు ఆంధ్రదేశమున నిలిచినది. దారిన పోవువానికి వేడివేడిగా, అప్పుడే వండిన అన్నము దొరకుట కేవలము పుణ్యము మాత్రమే కాదు, గొప్ప ఆరోగ్యసూత్రము కూడను. చల్లారి నిలువయున్న అన్నములోనే గదా కడుపును చెరచు క్రిములు పెరుగును!

ఇక వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ. అనగా న్యాయమూర్తులకు మన భాషలలోని సాక్ష్యములను ఇంగ్లీషున వినిపించు ఉద్యోగి. 1830వ సంవత్సరము మే 18వ తేదీన పట్టణము విడిచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి చేరెను. లెక్కించినచో 473 దినములు. పోవునప్పుడు తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబల్పూరు, ప్రయాగల మీదుగను, వచ్చునప్పుడు గయ, కలకత్తా, పురీ జగన్నాథముల మీదుగ సముద్రతీరపు దారిని పట్టియు వచ్చిరి. తల్లియు భార్యయు వెంట నుండిరి. పరివారము, బోయీలు అందరును కలిసి నూరుమంది వరకు ఉండిరి. దారి పొడుగునను ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి వ్రాసిన వర్తమానములే కాశీయాత్ర చరిత్రయను గ్రంథమైనవి. వీరాస్వామయ్య 1836లో కాలధర్మము నొందగా, 1838లో ఆ మిత్రుడే దానిని అచ్చువేయించెను. మన తరమువారికి దానిని తిరిగి అందించినవారు దిగవల్లి వేంకటశివరావుగారు. వారి సంపాదకత్వమున 1941లో అది మరల వెలువడినది.

ఆ గ్రంథమును చేతికి తీసుకొన్న పాఠకుడు మొదట కొంచెము విసుగు చెందవచ్చును. మజిలీ తరువాత మజిలీ వచ్చును. ప్రతి ఊరికిని ఒకటే తీరు వివరము: ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లు కలవా, కావలసిన సామగ్రి దొరకునా, నీరు బావిదా చెరువుదా ఏటిదా, గుడారము వేయుటకు తోపు నీడ కలదా, దారి రాతినేలా బురదనేలా. ఇదేమి యాత్ర, ఇందులో భక్తి ఎక్కడ అని అడుగువారు ఉందురు. మేమును మొదట చదివినప్పుడు కొన్ని పుటలు త్రిప్పివేసితిమి. రెండవమారు చదివినప్పుడు తెలిసినది: ఆ పట్టిక కేవలము ముచ్చట కాదు, నూరు ప్రాణములను కాపాడిన జాబితా! నీరు మంచిది కాని ఊరిలో ఒక రాత్రి బసచేసినచో మరునాడు బోయీలలో పదిమంది లేవలేరు. బోయీలు లేవకున్నచో పల్లకీ లేవదు. తరువాత వచ్చు యాత్రికునికి అక్కరకు వచ్చునను ఉద్దేశముతోనే ఆయన అంత ఓపికగా వ్రాసెను.

ఆయన హైదరాబాదు చేరునప్పటికి నాసిరుద్దౌలా నవాబు గద్దె నెక్కి ఏడాది దాటినది. రాజ్యభారము వహించిన మంత్రి చందూలాలు. నగరమును, హుస్సేనుసాగరమును, సికింద్రాబాదు దండుబస్తీని చూచి వీరాస్వామయ్య ఉత్తరముగా బయలుదేరెను. అది వానకాలము. మేడ్చల్ ప్రాంతపు ఎర్రచల్క నేల వానకు అంతగా ఇబ్బంది పెట్టదు, నీరింకిపోవును. కాని గోదావరి దాటి, నిర్మల దాటి, ఆదిలాబాదు వైపు పోయినకొలది నల్లరేగడి తగులును. ఆ నేలను వానలో నడచినవారికే తెలియును దాని సంగతి. అడుగు తీసి అడుగు వేయునప్పటికి కాలికి మానెడు మట్టి.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆ ప్రయాణమున సుఖము ఎవరిది, కష్టము ఎవరిది? పల్లకీలోనివారికి దిండు, గొడుగు, పరదా ఉండెడివి. వానలో, ఎండలో, బురదలో ఉత్తకాళ్లతో దండె మోసినది బోయీలు. ఆనాటి ఘనుల యాత్రాసౌఖ్యమంతయు బోయీల భుజముల మీదనే నడచినది. ఈ నాలుగు వందల డెబ్బది మూడు దినముల యాత్రలో ఎవరి మోకాలు వాచినదో, ఎవరి భుజము కాయకట్టినదో వ్రాసుకొనుటకు బోయీల చేతిలో గంటము లేదు. వీరాస్వామయ్య వారి సంగతి పట్టించుకొన్నవాడే. వారి అలవాటులను, కూలిని గూర్చి గ్రంథములో ప్రస్తావించినవాడే. అయినను అది పల్లకీలోనుండి చూచిన చూపు. ఆ చూపు వరకే మనకు దక్కినది.

ఈ బాటసారులు వెంట తీసుకొనిపోయిన సామగ్రిలో మా మనస్సునకు నచ్చినది మరచెంబు. మెడకు మరలు త్రిప్పి, మూత బిగించి, కడియమునకు తగిలించుకొని పోవు ఆ చెంబు ఇప్పటికిని కొన్ని ఇండ్ల అటకల మీద కనబడును. నీరు ఒలకదు, దుమ్ము పడదు, పరుల చేయి తగులదు. ఆ చివరి గుణమును మన పూర్వులు మడి కొరకు మెచ్చుకొనిరి. దానివలన ఆరోగ్యమునకు కలిగిన మేలు వారికి తెలియకయే కలిగినది. చెంబు రాగిదైనచో మరియొక లాభము. రాగిపాత్రలో రాత్రియంతయు నిలిచిన నీటిలో కడుపుజాడ్యములను కలిగించు కొన్ని క్రిములు నశించునని ఇటీవలి ప్రయోగములు తెలిపినవి. అంతమాత్రమున మురికినీటిని రాగిచెంబులో పోసి త్రాగవచ్చునని కాదు. కాచిన నీటికి సాటి వేరొకటి లేదు. చెంబుతోపాటు శొంఠి, మిరియాలు, చింతపండు, ఎండబెట్టిన వడియములు మూటలో ఉండెడివి. చింతపండు పులుపు, ఉప్పు, నూనె పట్టించిన పులిహోర రెండవనాటికిని చెడదని ప్రతి ఇల్లాలికి తెలియును. తీర్థయాత్రలలో పులిహోరకు దక్కిన గౌరవమున కది ఒక కారణము.

వీరాస్వామయ్య తిరిగివచ్చిన మరుసటి సంవత్సరమే, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను మహాక్షామము పట్టుకొన్నది. 1832–33లో వచ్చిన ఆ కరవునే డొక్కల కరవని అందురు. ఒక ఏడాది ఆలస్యముగా బయలుదేరియున్నచో తీరపు దారిలో ఆయనకు అంగళ్లు తెరచి ఉండెడివి కావు. బాటసారి ఆరోగ్యము తన మూటలో కొంతయు, తాను దాటు ఊళ్ల సుభిక్షములో ఎంతయో ఉండెడిది.

మంచినీటిని గూర్చి అంత జాగ్రత్తపడిన ఆనాటివారికి, చెడునీటిలో ఏమున్నదో తెలియదు. 1817లో బంగాళమునుండి బయలుదేరిన వాంతిభేది దేశదేశములకు ప్రాకినది. దానికి వాహనములు యాత్రికుల గుంపులు, సైన్యములు, వర్తకుల ఓడలు. 1867లో హరిద్వార కుంభమేళానుండి ఇండ్లకు మరలిన యాత్రికులతోపాటు ఆ వ్యాధియు ఉత్తరదేశమంతటను తిరిగినది. 1884లో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు కలకత్తాలో, అక్కడి చెరువుల నీటితో సహా పరీక్షించి, ఆ వ్యాధి క్రిమిని నిర్ధారణ చేసెను. అప్పటికి వీరాస్వామయ్య కాశీయాత్ర ముగిసి అర్ధశతాబ్ది దాటినది.

చలిజ్వరము సంగతి ఇంకను విచిత్రము. అడవిదారిలో పోయినవారికి వచ్చు జ్వరము అచ్చటి నీటివలనననియు, చెడుగాలివలనననియు అందరును నమ్మెడివారు. మలేరియాయను ఇటాలియను మాటకే చెడుగాలియని అర్థము. ఆ నమ్మకమును తారుమారు చేసిన స్థలము మనకు ఎంతో దూరము కాదు. సికింద్రాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు అను సైనిక వైద్యుడు, జ్వరపీడితుని నెత్తురు త్రాగిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా జీవి పెరుగుచుండుట సూక్ష్మదర్శినిలో చూచెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. తోపు నీడలో, చెరువు గట్టున గుడారము వేయించుకొని, నీటిని వడగట్టించి, ఎంతో శుచిగా భుజించిన బాటసారి రాత్రివేళ దోమతెర లేక పండుకొన్నచో ఆ జాగ్రత్తలన్నియు వ్యర్థమని అంతవరకు ఎవరికిని తెలియదు! 2008 మార్చి వరకు మన నగరపు విమానములు ఎగిరిన బేగంపేట విమానాశ్రయము రాసుగారు పనిచేసిన ఆ భవనమునకు చేరువనే ఉన్నది.

రైలుబండి వచ్చిన తరువాత మజిలీ అను మాటకే అర్థము మారినది. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు బండి వచ్చినది. 1900 ప్రాంతమున మేడ్చల్ మీదుగా గోదావరీ లోయ రైలుమార్గము మన్మాడు వరకు సాగినది. వీరాస్వామయ్య దినములతరబడి నడిపించిన దూరము ఒక రాత్రిలో గడచుచుండెను. నెలలు గంటలైనవి, కాని ఆ గంటలెట్టివి? మూడవ తరగతి పెట్టెలలో చాలకాలము మరుగుదొడ్లే లేవు. ఏ స్టేషనులో ఎంతసేపు నిలుచునో తెలియని బండిని దిగి, చెంబు పట్టుకొని పరుగెత్తి తిరిగివచ్చునప్పటికి బండి కదలిపోయిన కథలు కోకొల్లలు. ఆ భయముచే నీరు త్రాగుట మానుకొన్నవారును, మానుకొనుటచే రోగము తెచ్చుకొన్నవారును ఎందరో.

1917లో గాంధీజీ బొంబాయినుండి చెన్నపట్టణమునకు మూడవ తరగతిలో ప్రయాణించి, తన అనుభవమును పత్రికలకు వ్రాసిరి. ఇరువది రెండుగురు కూర్చుండవలసిన పెట్టెలో, దారిలో చాలభాగము ముప్పది ఐదుగురికి తక్కువ లేరు. రాయచూరు దాటిన తరువాత ఆ త్రొక్కిడి భరింపరానిదైనది. రెండు రాత్రుల ప్రయాణములో మరుగుదొడ్డిని ఒక్కమారైనను కడిగినవారు లేరు. ఆ రాయచూరు నాటి నిజాము రాజ్యములోనిదే. వీరాస్వామయ్య పల్లకీ ప్రయాణము కంటె ఈ రైలు ప్రయాణము ఎన్నో రెట్లు వేగము. ఆరోగ్యమున ఎన్ని రెట్లు మెరుగన్న ప్రశ్నకు మేము జవాబు చెప్పజాలము. 1932లో నిజాము రైల్వే వారు ఇరువది ఏడు బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి; పల్లెల ప్రయాణమునకు అది గొప్ప మేలు. కుదుపులచే నడుమునకు కలిగిన కీడు కూడ అప్పటినుండియే.

ఇప్పుడు నాగారపు ఇంటినుండి విమానమునకు పోవువారి సంగతి చూతము. కుమార్తె పురుడు పోయుటకు అమెరికా పోవు తల్లి ఆవకాయ జాడీని పెట్టెలో ఎట్లు సర్దవలెనని పదిదినములు ఆలోచించును. తన కాళ్ల సంగతి ఆలోచింపదు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండినచో, పిక్కల కండరములు పనిచేయక, కాలి సిరలలో నెత్తురు మందగించి గడ్డకట్టు అపాయము రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. భయపడనక్కరలేదు, నాలుగు గంటలు మించిన విమానయానము చేసినవారిలో సుమారు ఆరువేలమందికి ఒక్కరికి మాత్రమే ఆ ముప్పు. కాని కొలది వారములలోనే పలుమారులు పోయి వచ్చువారికి అది ఎక్కువగును. బస్సులోనైనను, రైలులోనైనను, కదలక కూర్చుండువారికి ఇదే న్యాయము. గంటకో రెండు గంటలకో ఒకమారు లేచి నాలుగడుగులు వేయుట, కూర్చున్నచోటనే మడమలను పైకి క్రిందికి కదలించుట, నీరు తగినంత త్రాగుట దీనికి ఉపాయములు. పూర్వము కాళ్లలో నెత్తురు గడ్డకట్టిన జబ్బు ఉన్నచో ముందుగా వైద్యుని అడుగవలెను. నిత్యము వాడు మందులను విమానపు పొట్టలోనికి పోవు పెట్టెలో వేయక చేతిసంచిలో ఉంచుకొనవలెను.

రెండవది నిద్ర. వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కలకత్తా వరకు తిరిగినను, సూర్యోదయములో ఆయనకు వచ్చిన తేడా తూర్పు పడమరల లెక్కలో సుమారు అరగంట. అదియును నెలల తరబడిగా వచ్చినది. ఒడలికి తెలియనే తెలియదు. మనము హైదరాబాదున ఎక్కి ఒక్క దినములో న్యూయార్కున దిగుదుము; గడియారము తొమ్మిదిన్నర గంటలో పదిన్నర గంటలో వెనుకకు పోవును. మన లోపలి గడియారము దినమునకు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకొనును. తూర్పునకు పోవునప్పుడు ఇంకను కష్టము. అందుచే పోవునప్పటికంటె అమెరికానుండి తిరిగివచ్చినప్పుడు మనవారు ఎక్కువ దినములు అర్ధరాత్రివేళ మేలుకొని కూర్చుందురు. దిగినచోటి పగటి వెలుతురులో తిరుగుట, అచ్చటి వేళకు భుజించుట దీనికి మంచి మందు.

మూడవది, దారిలో కడుపు చెడినప్పుడు. ఇందుకు మన దేశమే ప్రపంచమునకు పాఠము చెప్పినది. 1971లో బంగ్లాదేశ శరణార్థులతో నిండిన బనగాఁవు శిబిరములో వాంతిభేది చెలరేగగా, సిరలోనికి ఎక్కించు ద్రవము నిండుకొన్నది. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటి ద్వారా త్రాగించి, నూటికి ముప్పది వరకు ఉన్న మరణములను నాలుగునకు లోపుగా తగ్గించెను. ఆ పొట్లము నేడు ఏ మందులషాపులోనైనను దొరకును. దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కొలిచి కలుపుకొనవలెను. ఉప్పు ఎక్కువ కారాదు. జ్వరమో నెత్తురో కనబడినచో వైద్యుని యొద్దకు పోవలెను.

మన మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు అందరు ఎరిగినవే. మణిసిద్ధుడను యతి కాశీకి పోవుచు, తోడు వచ్చు గోపకుమారునికి ప్రతి మజిలీలోను ఒక కథ చెప్పవలెనని ఒడంబడిక. పగలు నడక, సాయంకాలము వంట, భోజనము, కథ, నిద్ర. ప్రయాణములో దేహము తేరుకొనుటకు ఆ కాలములో ఉండిన ఏర్పాటు అదియే. కథ కొరకు ఆగితిమని పిల్లవాడు అనుకొనెను. ఆగుట కొరకు కథ వచ్చినదని మేమందుము. వారమున కొకమారు నగరములు మారు మన ఉద్యోగి రాత్రిబండి దిగి, స్నానము చేసి, సరాసరి కచేరీకి పోవుచున్నాడు. ఆయన దారిలో బస ఎచ్చట? వీలున్నచోట రాత్రిబండికి మారుగా పగటిబండి ఎక్కుటయో, పని ముగిసిన రాత్రి అచ్చటనే పండుకొని మరునాడు బయలుదేరుటయో ఆయనకు వైద్యుడిచ్చు బలపు మందుకంటె మేలు చేయునని మా నమ్మకము. యజమానులు కూడ ఈ లెక్క వేసికొన్నచో బాగుండును.

మహాశివరాత్రి వచ్చినప్పుడు నాగారపు దారి మీదుగా కీసరగుట్ట రామలింగేశ్వరుని దర్శించుటకు జనము పోవుదురు. బస్సులు, కార్లు, మోటారు సైకిళ్లు పోవుచుండగా, ప్రక్కన కాలినడకను పోవువారును కొందరు ఉందురు. వారు చెట్టు నీడ కనబడినచోట కూర్చుందురు, వెంట తెచ్చుకొన్న సీసాలోని నీరు త్రాగుదురు, కాళ్లు చాచుకొని పిల్లలతో మాటలాడుదురు, మరల లేచి నడతురు.